కొమురయ్య బాబాయ్ వద్దన్న ఫొటో

మా చిన్నప్పుడు... మరీ పాతకాలం కాదులెండి, కరోనా వచ్చిన ఏడాది... నాన్న స్కూటర్ మీద బియ్యం సంచుల మధ్య ఇరుక్కుని సూరత్‌లో మేముండే ఉధ్నా నుంచి భేస్తాన్ వెళ్లేదాన్ని. ముఖానికి అమ్మ పాత చీర చింపి కుట్టిన మాస్కు. చేతిలో నాన్న ఫోన్. నాకప్పుడు పన్నెండేళ్లు.

నాన్నది అక్కడే రైల్వే ఉద్యోగం. లాక్‌డౌన్‌లోనూ జీతం ఆగలేదు. భేస్తాన్‌లో మా తెలుగు ప్రార్థన కూటానికి వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. ఆ సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి...

కూటానికి నాన్నే పెద్ద. సొంత డబ్బుతో సరుకులు కొనేవాడు. అమ్మ చేటతో చెరిగిన బియ్యం, కందిపప్పు, నూనె సంచుల్లో కట్టి ఇంటింటికీ ఇచ్చేవాడు. మంచి పనే... కానీ ఇచ్చిన ప్రతి గుమ్మం దగ్గరా తను సంచి అందిస్తున్న ఫొటో ఒకటి కావాలి. తీసేది నేను.

సాయంత్రానికి ఆ ఫొటోలు కూటం గ్రూపులో ఉండేవి. "దేవుడు మిమ్మల్ని దీవించును గాక సార్" అని వచ్చిన సందేశాలన్నీ నాన్న అన్నం తింటూ అమ్మకు చదివి వినిపించేవాడు. ఫొటో భలే వచ్చిందని ఎవరైనా అంటే నేనూ మురిసిపోయేదాన్ని.

కొమురయ్య బాబాయ్ మా కూటంలో డోలక్ వాయించేవాడు. చుట్టం కాదు, పిలుపు అంతే. ఆ రోజు వాళ్ల గుమ్మం దగ్గర నేను ఫోన్ ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫొటో వద్దు బిడ్డా... జర ఆగు."

"ఏం కాదులే కొమురయ్యా, అంతా దేవుని మహిమకే. సంచి ఇలా పట్టుకో," అన్నాడు నాన్న.

బాబాయ్ పట్టుకున్నాడు. తల వంచుకున్నాడు. "తల పైకెత్తండి బాబాయ్," అన్నాను నేను. ఎత్తాడు... ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. నాన్న స్పీకర్ పెట్టాడు.

"సార్... ఆ ఫొటో ఎవరో మా ఊరికి పంపిండ్రు. మా అవ్వకు సూపెట్టిండ్రు. నేనీడ మంచిగనే ఉన్న అని చెప్పిన ఆమెకు. 'నా కొడుకు బిచ్చం తీసుకుంటుండా' అని నిన్నటి సంది బువ్వ ముడ్తలేదట. జర తీసెయ్యుండ్రి సార్."

నాన్న ముఖం ఎర్రబడింది. "మంచి చేసినా మాట పడాలా!" అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మ గిన్నెలు సర్దుతూ నెమ్మదిగా అంది... "దేవుని పేరున ఇచ్చానంటారు. ఫొటోల నిండా మీరే ఉన్నారు."

నాన్న ఆ ఫొటోను గ్రూపులోంచి తీసేశాడు. కానీ క్షమించమని మాత్రం అడగలేదు. ఫోన్‌లో జరిగే ఆదివారం ప్రార్థనకు బాబాయ్ రావడం మానేశాడు.

మరుసటి ఏడాది జబ్బు మా ఇంటికే వచ్చింది. అమ్మ లేవలేకపోయింది. నాన్నకు మాట్లాడితే ఆయాసం. పక్క క్వార్టర్ల వాళ్లు తలుపు తీయడానికి భయపడ్డారు. కూటంలో చెప్పనా అంటే నాన్న ఒప్పుకోలేదు. "నలుగురికి పెట్టిన చెయ్యి... ఇప్పుడు చాపనా?"

నేను వండిన అన్నం అడుగంటింది. గంజి కూడా కాచడం రాలేదు. ఏడుస్తూ కొమురయ్య బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"బాబాయ్... ఆ ఫొటో తీసింది నేనే..."

"అది ఇడ్సిపెట్టు బిడ్డా. బువ్వ తిన్నరా?"

గంటన్నరకు సైకిల్ మీద వచ్చాడు. సత్తు క్యారియర్ గుమ్మం ముందు పెట్టి దూరంగా జరిగాడు. మెత్తటి అన్నం, మిరియాల చారు. అమ్మా నేనూ తిన్నాం. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఆకలి లేదు."

రెండో రోజూ అంతే. మూడో రోజు బాబాయ్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, తినుండ్రి. ఈడ ఎవ్వలు చూస్తలేరు."

అంతవరకూ ఎప్పుడూ 'సార్' అనే పిలిచిన మనిషి... నాన్న లేచి కూర్చున్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే తిన్నాడు. తినడం అయ్యాక కిటికీ వైపు చూసి, "కొమురయ్యా... నన్ను క్షమించు," అన్నాడు. బాబాయ్ ఖాళీ క్యారియర్ తీసుకుని, రేపు వస్తానన్నట్టు తలూపి వెళ్లాడు.

కోలుకున్నాక నాన్న ఊళ్లో ఉన్న ఆ అవ్వకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాడు. కూటంలో అందరి ముందూ చెప్పాడు. పెద్దరికం వదిలేసి ఆదివారాలు చాపలు పరిచేవాడు. బాబాయ్ మళ్లీ డోలక్ పట్టాడు. అయినా ఎవరైనా "సార్ లేకుంటే ఎట్ల" అంటే నాన్న ముఖం వెలిగేది... ఇంటికొచ్చి అలసటగా, "మళ్లీ వచ్చిందే నాకు ఆ జబ్బు," అనేవాడు అమ్మతో.

ఇప్పుడు బాబాయ్ వాళ్లు ఊరెళ్లిపోయారు. నేను నర్సింగ్ చదువుతున్నాను. ఇవాళ ఆసుపత్రిలో ఒక ముసలమ్మకు పొద్దుటి నుంచీ నేనే ఒళ్లు తుడిచి, పక్క మార్చి, జావ తాగించాను. సాయంత్రం ఆమె కొడుకు వచ్చి పక్కనున్న, నాతో చదివే అమ్మాయికి దండం పెట్టాడు. ఆ అమ్మాయి కాదు, చేసింది నేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను... ఇంటికి వచ్చాక కూడా అదే గుర్తొస్తోంది. కాళ్లు పీకుతున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి... గర్వానికి మాత్రం అలసటే లేదు.

పెద్దవాళ్లు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం ఈమధ్య ఎక్కడా కనపడటం లేదు... మీ ఇంట్లో అలాంటి రోజు ఒకటి ఉంటే రాయండి. ఈ పూట చదవాలని ఉంది.