ఇచ్చినట్టే

ఇరవై ఏళ్ళుగా ఒక కాగితం నా దగ్గర ఉంది. ఇళ్ళు మారాను, బీరువాలు మారాయి, అది మాత్రం ప్రతిసారీ నాతోపాటే వచ్చింది. అది నాది కాదు. నా స్నేహితుడిది. పేరు మార్చి నరేందర్ అంటాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మేం చదివింది ఇంజనీరింగూ లా కలిపిన ఆరేళ్ళ కోర్సు. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులు. అలాంటప్పుడు కంప్యూటర్లూ నేర్పుతాం, నల్లకోటూ వేయిస్తాం అంటే మా నాన్న మురిసిపోయారు. విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి సికింద్రాబాద్‌లో కార్ఖానా పేటలో స్థిరపడిన మనిషి. చుట్టాలు మాత్రం "మీవాడు ఇంజనీరా, ప్లీడరా?" అని ఆటపట్టించేవారు. పొద్దున సర్క్యూట్లు, మధ్యాహ్నం కాంట్రాక్టు చట్టం. నాకు ఆ మధ్యాహ్నాలే ఇష్టం. నరేందర్‌ది రాంగోపాల్‌పేట్, వాళ్ళ నాన్నకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. వాడికి లా క్లాసంటే నిద్ర. ప్రోగ్రామ్ రాయమంటే మాత్రం తిండి మరిచిపోయేవాడు.

నాలుగో ఏడు చివర ఒక వెసులుబాటు ఉండేది. లా వద్దనుకున్నవాళ్ళు ఒక ఫారం నింపి గడువులోగా ఆఫీసులో ఇస్తే, ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుని బయటపడొచ్చు. దాన్ని మేం 'దిగిపోయే ఫారం' అనేవాళ్ళం. నరేందర్‌కు మాదాపూర్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఖాయం చేసింది, ఆ డిగ్రీ చూపిస్తేనే చేర్చుకుంటామంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పదిమంది మిగిలితేనే లా తరగతులు నడుపుతామని కాలేజీ నోటీసు పెట్టింది. చాలామంది దిగిపోగా మిగిలింది సరిగ్గా పదిమందిమి. పదోవాడు నరేందర్.

ఆఖరి రోజున వాడు కంపెనీవాళ్ళ వైద్యపరీక్షకు వెళ్ళాల్సి వచ్చింది. నింపిన ఫారం నా చేతిలో పెట్టాడు. నేను క్లాసు లీడర్ని, అందరి కాగితాలూ ఆఫీసుకు మోసేది నేనే. రసీదు తెస్తానన్నాను. "రసీదు గిట్ల ఏం వద్దు, నువ్వున్నవ్ గద" అన్నాడు.

ఆఫీసు దాకా వెళ్ళాను. కిటికీ అవతల గుమాస్తా స్వరూప మేడమ్ కూర్చునే ఉంది. ముందు ఎవరూ లేరు. నిలబడ్డాను. ఇస్తే నా లా పోతుంది. ఇవ్వకపోతే వాడి ఉద్యోగం పోతుంది. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? అనుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు. రెండేళ్ళు ఆగితే వాడికి ఇంతకంటే మంచి ఉద్యోగం వస్తుంది, చేతిలో రెండు డిగ్రీలుంటాయి, నిజానికి నేను వాడికి మేలే చేస్తున్నాను అని మెట్లు దిగుతూ నాకు నేనే వాదించుకున్నాను. బాగానే వాదించాను. ఎదుటి పక్షం లేదు కదా.

సాయంత్రం ఇరానీ హోటల్లో కలిశాం.

"ఇచ్చినవా రా?"

"ఇచ్చినట్టే."

"ఏందీ, ఇచ్చినట్టే అంటే?"

"అయిపోయినట్టేరా. పరేషాన్ కాకు."

వాడు నవ్వి ఇంకో రెండు చాయ్‌లు చెప్పాడు. నేను తాగాను.

ఆ 'అట్టే'ను పట్టుకుని చాలాకాలం బతికాను. నేను అబద్ధం ఆడలేదు, నేను ఇచ్చేశానని వాడే అనుకున్నాడు అని. ఇంత నీచమైన ఊరట లా చదవకపోతే నాకు దొరికేదా?

వారం తర్వాత పెట్టిన దిగిపోయినవాళ్ళ జాబితాలో వాడి పేరు లేదు. స్వరూప మేడమ్ మూడు రోజులు బీరువాలన్నీ దింపి వెతికింది. నన్ను పిలిచి, "బాబూ, నా చేతికే ఇచ్చినవా? జెర యాది చేసుకో" అంది. టేబుల్ మీద పెట్టినట్టే గుర్తు అన్నాను. మళ్ళీ అదే. అప్పటికి ఆ ఫారం నా కాంట్రాక్టు చట్టం పుస్తకంలో ఉంది.

ఇంకా సిగ్గుపడాల్సింది ఉంది. ఆఫీసు నిర్లక్ష్యం మీద నరేందర్ ప్రిన్సిపాల్‌కు పెట్టుకున్న అర్జీ రాసింది నేనే. దరఖాస్తు గడువులోగా సమర్పించబడింది అని ఇంగ్లీషులో రాశాను. ఎవరిచేత అన్నది రాయలేదు. గడువు గడువేనన్నారు ప్రిన్సిపాల్. కంపెనీ ఇంకొకర్ని తీసుకుంది. స్వరూప మేడమ్‌ను ఆ సీటులోంచి తీసి స్టోర్ రూమ్‌కు పంపారు. ఎదురుపడితే ఆవిడే తల దించుకునేది. మా పదిమందికీ లా తరగతులు యథావిధిగా మొదలయ్యాయి.

రెండేళ్ళకు మేం బయటికొచ్చేసరికి నరేందర్‌కు ప్రోగ్రాములు రాసే అలవాటు తప్పింది. లా కూడా చదివినవాడు ఎన్నాళ్ళుంటాడని కంపెనీలు అనుమానపడ్డాయి. ఇప్పుడు సికింద్రాబాద్ కోర్టులో ప్రాక్టీసు. బతుకు బాగానే ఉంది, ఆ పనంటేనే ఇష్టం లేదు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒప్పందాలు రాస్తాను. రెండు చదువులూ కలిసొచ్చింది నాకే.

పోయిన నెల వాడి కూతురు కాలేజీలో చేరుతోందని యాప్రాల్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాడు. నా ముందే ఆ పిల్లకు బుద్ధి చెప్పాడు: "చూడు బిడ్డా, అంకుల్ అంతటోడు ఇచ్చినా సుత ఆఫీసోళ్ళు నా కాయితం పోగొట్టిర్రు. ఎవ్వలకిచ్చినా రసీదు తీస్కో." ఆ పిల్ల నన్ను చూసి సరేనన్నట్టు తలూపింది. ఆ కాగితం పక్కగదిలోనే ఉంది. నేను లేవలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఇవ్వలేదు. పెట్టలేదు, పోలేదు, ఎవరూ పోగొట్టలేదు. ఇవ్వలేదు. ఇన్నేళ్ళకు ఈ మాట 'అట్టే' లేకుండా రాయగలిగాను, గుండె కాస్త తేలికపడింది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

మీకు చెప్పాను. వాడికి చెప్పినట్టే అని మాత్రం అనుకోను.