చిల్మన్ వెనక మాణిక్యమ్మ

శాలిబండలో మాణిక్యమ్మ పూలు అమ్మడానికి వీధులు తిరిగేది కాదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఒక్క కేక వేసేది. ఆ కేక గల్లీ దాటి, మలుపు తిరిగి, పెద్ద సడక్ మీద పోయే జట్కా గుర్రాన్ని కూడా బెదిరించేది. "మోగ్రా... గులాబ్... చమేలీ..." అనగానే ఇండ్లల్లోంచి పళ్లాలు బయటికి వచ్చేవి. పెండ్లికొడుకు ముఖం మీద వేలాడే సెహ్రా అల్లడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఏ పూవుకు ఎంత తడి కావాలో, దారం ఎక్కడ బిగించాలో ఆమె వేళ్లకు తెలుసు. గొంతు ఎక్కడ తగ్గించాలో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

భర్త గుండయ్య నల్లా నీళ్ల దఫ్తర్లో పనిచేసేవాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "సరే". ఇరవై ఏండ్ల కాపురంలో లొల్లి రాకపోవడానికి అదే కారణమని ఇరుగుపొరుగు అనుకునేవారు.

గోడకు అవతల షౌకత్ బీ ఉండేది. భర్త పోయినంక నవాబుల ఇండ్లకు జరీపని చేసి ఇస్తూ బతికేది. సన్నటి మనిషి, అంతకన్నా సన్నటి గొంతు. షాయరీ అంటే, ఉర్దూ కవిత్వం అంటే ఆమెకు ప్రాణం. సూది నడుస్తున్నంతసేపూ పెదవులు ఏదో గజల్ గొణుగుతూనే ఉండేవి. మాణిక్యమ్మ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ఇద్దరికీ మధ్య గోడ ఉన్నదన్న మాటే గానీ, కూర గిన్నెలు అటూ ఇటూ పోయి పోయి గోడ పైఅంచు నున్నగా అరిగిపోయింది.

జర్మనీతో జంగ్, అదే పెద్ద యుద్ధం, నడుస్తున్న రోజులు. ఒక గురువారం పొద్దున షౌకత్ బీ గోడ మీదుగా తల ఎత్తింది.

"మాణిక్యా, రేపు జుమ్మా నమాజ్ అయినంక, నేను జరీపని చేసిచ్చే పెద్ద బేగం దేవిడీల ముషాయిరా ఉంది, షాయర్లందరు వచ్చి గజళ్లు చదువుతరు. ఆడోళ్లకు పర్దా కట్టిస్తున్రు. ఒక దోస్తును తోలుకొని రమ్మన్నరు."

"రేపే మా అక్క రాజమణి వాళ్ల గల్లీల హరికథ, ఆపా. పురానాపూల్ కాడ. దీపాలు పెట్టే యాళ్లకు మొదలైతది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. మాణిక్యమ్మ షాయరీకి రావాలి, షౌకత్ బీ హరికథకు రావాలి. షౌకత్ బీ ఒక షర్తు పెట్టింది.

"దేవిడీల నోరు తెరవొద్దు. ఒక్క లఫ్జ్ గూడ వద్దు."

"నేనెప్పుడు మాట్లాడిన ఆపా?" అన్నది మాణిక్యమ్మ. ఆ మాటకు పక్కింటి మేక ఉలిక్కిపడి లేచింది.

మరునాడు పూలు అమ్ముడుపోగానే ఇద్దరూ బయలుదేరారు. దేవిడీ అంటే నవాబుల మేడ, అక్కడికి బోడి చేతులతో పోతే బాగుండదని ముందు చార్మినార్ దగ్గర యూనుస్ గాజుల దుకాణానికి పోయారు. మాణిక్యమ్మ ఆకుపచ్చ లక్క గాజులు కోరింది. అవి ఆమె చేతికి చిన్నవని యూనుస్‌కు చూడగానే తెలిసింది. ఆ మాట చెప్పే ధైర్యం లేక సబ్బు రాసి ఎక్కించబోయాడు. గాజు బొటనవేలి కీలు దగ్గర ఇరుక్కుంది. ముందుకూ పోదు, వెనక్కూ రాదు.

"చచ్చిపోతి నాయనా!" అని మాణిక్యమ్మ పెట్టిన కేకకు అటు ముత్యాల దుకాణంవాళ్లు, ఇటు బట్టల దుకాణంవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పోలీసు జవాను కూడా వచ్చాడు.

"ఖూన్ ఎవరిది?" అని అడిగాడు.

"గాజుది సాబ్," అన్నాడు యూనుస్, చెమట తుడుచుకుంటూ.

షౌకత్ బీ బుర్ఖాలోనే కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని మాణిక్యమ్మ కూడా నవ్వింది. చెయ్యి సడలింది, గాజు జారి వచ్చేసింది. ఈసారి ఒక నంబరు పెద్దవి వేయించుకుని, పోలీసు జవానుకు కూడా సలాం చేసి కదిలారు. దారిలో జట్కాలోనే మాణిక్యమ్మ తెచ్చిన జొన్నరొట్టెలు, షౌకత్ బీ వండిన బగారా బైంగన్ తిన్నారు.

దేవిడీ లోపలి వాకిట్లో తెల్లటి చాందినీ పరిచి ఉంది. మగవాళ్లంతా దాని మీద కూర్చున్నారు. ఒక పక్క వసారాకు సన్నటి వెదురు తెర కట్టారు, దాన్నే చిల్మన్ అంటారు. తెర వెనక బేగం, ఆమె బంధువులు, వాళ్ల వెనక మన ఇద్దరు. ఒక్కో షాయర్ లేచి చదువుతుంటే అందరూ వాహ్ వా అంటున్నారు. మాణిక్యమ్మకు వచ్చింది బజారులో మాట్లాడే దక్కనీ ఉర్దూ. ఈ షాయర్ల ఉర్దూ ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మాట ఇచ్చింది గనుక నోట్లో పాన్ కుక్కుకుని గంటసేపు బిగబట్టుకుని కూర్చుంది. పుట్టి బుద్ధెరిగినంక ఆమె అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి.

అప్పుడు జాఫర్ సాహెబ్ అనే ముసలి షాయర్ మొదలుపెట్టాడు. తెల్లటి గడ్డం, వణికే గొంతు. ఆయన గజల్‌లో మోగ్రా అనే మాట వినబడింది. వెంటనే గులాబ్, ఆ వెనకే హార్, అంటే దండ. మాణిక్యమ్మ చటుక్కున నిటారుగా కూర్చుంది. ఇవి తన మాటలు!

"ఏమన్నడు ఆపా?" అని గుసగుసగా అడిగింది.

షౌకత్ బీ చెవిలో చెప్పింది. "మల్లె నా ప్రేమలెక్క. దండల గుచ్చంగనే వాడి, వాసన పోగొట్టుకుంది. గులాబీ నా ప్రియురాలిలెక్క. దండల గూడ తెల్లారిదాక నవ్వుతనే ఉంది."

"ఝూట్!"

ఆ కేకకు చిల్మన్ ఊగింది. వాకిట్లో ఎవరి చేతిలోంచో పాన్‌దాన్ మూత జారి రాతి మీద ఖంగుమని మోగింది. షౌకత్ బీ స్నేహితురాలి తొడ మీద గట్టిగా గిల్లి, తల మోకాళ్ల మధ్య పెట్టుకుంది. మెడ పట్టి గెంటుతారనుకుంది మాణిక్యమ్మ.

జాఫర్ సాహెబ్ కళ్లద్దాలు సర్దుకుని తెర వైపు తిరిగాడు. "అమ్మా, మీరెవరో నాకు తెలియదు. యాభై ఏండ్లుగా షాయరీ చెప్తున్నా. నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు. తప్పేమిటో చెప్పండి."

ఇక దాచేదేముంది? మాణిక్యమ్మ తన దక్కనీలోనే చెప్పేసింది.

"గులాబీ దండల ఏడ నవ్వుతది సాబ్? దారం తగలంగనే రెక్కలు రాలుస్తది. మా తిప్పలు మాకెరుక. మల్లె గట్ల గాదు. గుచ్చినా, నలిపినా, ఎర్రగై వడలినా వాసన ఇస్తనే ఉంటది. ఇరవై ఏండ్లాయె ఇవే గుచ్చుతున్న."

జాఫర్ సాహెబ్ కళ్లు మూసుకున్నాడు. వేళ్ల మీద ఏదో కొలుచుకున్నాడు. మెల్లగా రెండు పాదాలు మార్చి చదివాడు. దారం తగలగానే గులాబీ రాలిపోయింది, నలిగిన మల్లె మాత్రం తెల్లారేదాకా పరిమళిస్తూనే ఉంది అని.

వాకిలంతా ఒక్కసారిగా లేచింది. ముకర్రర్, ముకర్రర్, మళ్లీ చదవండి అంటూ నాలుగుసార్లు చదివించుకున్నారు. బేగం తన చేత్తో పాన్ చుట్టి మాణిక్యమ్మకు ఇచ్చింది.

జట్కాలో పురానాపూల్ పోతున్నంతసేపూ షౌకత్ బీ ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. కోపమేమోనని మాణిక్యమ్మ భయపడింది. తొంగిచూస్తే ఆమె ఆ రెండు పాదాలనే గొణుక్కుంటున్నది.

రాజమణి చెల్లెలికీ, ఆమె దోస్తుకూ ముందు వరుసలో చాప వేసి పెట్టింది. హరికథ చెప్పే ప్రకాశం దాసు కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలతో రుక్మిణీ కల్యాణం అందుకున్నాడు. రుక్మిణి బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. రేపే పెండ్లి, కృష్ణుడి జాడ లేదు. పిల్ల మేడెక్కి దారి చూస్తున్నది. కన్నీళ్లతో షౌకత్ బీ బుర్ఖా ముసుగు తడిసిపోయింది. సరిగ్గా అక్కడ దాసు కథ ఆపి, ఒక పిసినారి మామ పిట్టకథ ఎత్తుకున్నాడు. జనం నవ్వుతున్నారు. షౌకత్ బీకి నవ్వు రాలేదు. కాసేపు ఓర్చుకుని లేచి నిలబడింది.

"దాసు సాబ్! ఆ బాపనాయన వాపస్ వచ్చిండా లేదా? అక్కడ పిల్ల ఏడుస్తుంటే మీకు మామ గురించి ఫికరా?"

ఆ గొంతు ఆమెదేనని మాణిక్యమ్మకు నమ్మకం కలగడానికి కొంచెం సమయం పట్టింది. దాసు చిడతలు ఆపి, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, రుక్మిణి నీ బిడ్డసొంటి పిల్ల. మామను ఇక్కడనే వదిలేసిన. బ్రాహ్మణుణ్ణి ఇప్పుడే రప్పిస్త!"

రప్పించాడు. కృష్ణుడు రథం తోలుకుని వచ్చేదాకా షౌకత్ బీ నిలబడే ఉంది. వెనకవాళ్లు కూర్చోమన్నా వినలేదు.

తర్వాత దేవిడీలో ముషాయిరా ఎప్పుడు జరిగినా దండలు మాణిక్యమ్మే అల్లేది. చిల్మన్ వెనక ఇద్దరికీ జాగా ఉండేది. జాఫర్ సాహెబ్ అయితే పూల గజల్ ఏది రాసినా ముందు కర్ర ఊపుకుంటూ శాలిబండ వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, సంపెంగ ఎన్ని గడియలుంటది, చమేలీ ఎప్పుడు విచ్చుతది అని అడిగి కాగితం మీద రాసుకునేవాడు. మాణిక్యమ్మ చేతిలో పని ఆపకుండానే చెప్పేది.

ఒకసారి ఆయన మొగలిపూవు గురించి అడిగాడు. "దాని పొదలో పాముంటదంటరు, నిజమేనా?"

"నేనెన్నడు చెయ్యి పెట్టి చూడలే సాబ్," అన్నది మాణిక్యమ్మ. "మీరు పెట్టి చూసి, ఆనక రాయండి."

జాఫర్ సాహెబ్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజుకు రెండు మూరల మల్లెపూలు కొనుక్కుని ఇంటికి పోయాడు.