తోకన మూడు సైకిళ్లు

మా అన్నయ్య రూలోఫ్ బతుకంతా బస్సు నడిపాడు. హాలెండులో మా అస్సెన్ నుంచి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగొచ్చే బస్సు. మంచు కురిసినా, గాలి ఈడ్చి కొట్టినా తన బస్సులో ఒక్కడి కాఫీ కూడా ఒలకలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప మా వీధి వీధంతటికీ కంఠతా వచ్చు. ఆయన సగంలో ఆపితే మిగతాది మేమే చెప్పేస్తాం.

అలాంటివాడికి కళ్లు పోయాయి. పూర్తిగా కాదు, నడిమధ్యన. చుట్టూ ఉన్నవి కనబడతాయి, ఎదురుగా ఉన్నదే మసక. డెబ్భై అయిదు దాటాక లైసెన్సు నిలవాలంటే మా దగ్గర డాక్టరు ముందు కూచోవాలి కదా, ఆయన చూసి కుదరదన్నాడు. అన్నయ్య ఇంటికొచ్చి కారు తాళాలు వంటింటి సొరుగులో పడేసి, కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. రోజులు గడుస్తున్నాయి, లేవడు. తిండికి పిలిస్తే వస్తాడు, తిని మళ్లీ ఆ కుర్చీలోకే. చివరికి ఒకనాడు, "క్యారవాన్ అమ్మేద్దాం" అన్నాడు.

అన్నయ్యా వదినా పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ కారు వెనక క్యారవాన్, అదే చక్రాల మీది ఇల్లు, తగిలించుకుని, సైకిళ్లు వేసుకుని జర్మనీలో మోసెల్ నది ఒడ్డుకి పోతారు. మా ఆయన పోయాక నేనూ వెంటబడుతున్నాను. ఆ బండి అమ్మేస్తే మా అన్నయ్య ఆ కుర్చీలోంచి ఇంక లేవడని నాకు తెలుసు. మా హిల్లీ వదినకి నాకంటే బాగా తెలుసు.

"నేను తోలతాను," అంది వదిన.

అన్నయ్య నవ్వాడు. మంచి నవ్వు కాదది. "బజారుకి కారు తోలినట్టనుకున్నావా? వెనక ఇల్లంత బండి ఉంటుంది."

"తెలుసయ్యా. ఆ ఇంట్లో ఊడ్చింది నేనే కదా."

మొత్తానికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఈ ఒక్క వేసవీ చూద్దాం, దారిలో ఏ తేడా వచ్చినా బండి అమ్మకానికే, ఇంక ఎవరూ నోరెత్తకూడదు. మేమిద్దరం తలూపాం. తలూపక ఏం చేస్తాం!

ఆదివారాలు ఊరి బయట కుర్చీల దుకాణం ముందు ఖాళీ స్థలంలో నేర్పాడు. ముందుకి తోలడం సరే, వెనక్కి పెట్టడం ఉంది చూశారూ, స్టీరింగు ఇటు తిప్పితే బండి అటు పోతుంది. వదిన ఏడ్చేది, తిట్టేది, మళ్లీ తోలేది. అన్నయ్య వెనక నిలబడి చేతులూపేవాడు, మొహం మాత్రం పక్కకి తిప్పుకుని. కుక్కని తిప్పుకుంటూ వచ్చినావిడ ఎవరో ఆగి, "ఏమమ్మా, ఆయన చెట్లకేసి చూస్తూ నిన్ను రమ్మంటున్నాడు, గుద్దేస్తావు జాగ్రత్త!" అంది.

"ఆయన నన్నే చూస్తున్నాడు లెండి," అంది వదిన. "అలా తిరిగితేనే నేను కనబడతాను."

ఇంక సైకిళ్ల సంగతి. అదివరకు వాటిని బండి ముక్కు మీద, అంటే కారుకి తగిలించే ముందు కొసన, ఎత్తి కట్టేవాళ్లు. ఈ ఏడు వాళ్లిద్దరూ మోకాళ్ల కోసం కరెంటు సైకిళ్లు కొన్నారు. అవేమన్నా సైకిళ్లా, దున్నపోతులు! అన్నయ్య భుజానికి అంత పైకెత్తే ఓపిక లేదు. అందుకని బండి వెనక, కింది వరసలో ఒక కొత్త చట్రం బిగించారు. తోకన బరువు పడితే బండి ఊగుతుందని మా వీధిలో పసిపిల్లకి కూడా తెలుసు. అన్నయ్యకి తెలీదా? బ్యాటరీలు విప్పించి కారులో పెట్టించాడు. బరువైన సైకిళ్లు రెండూ బండి గోడకి ఆనించి, తేలికైన నా పాత సైకిలు బయటి వైపు పెట్టాడు. ఒకదాని పెడలు ఇంకోదాని చక్రం పుల్లలకి తగలకుండా తిప్పి, మధ్యలో పాత తువాళ్లు దూర్చి, ఒక్కో చక్రానికి ఒక్కో పట్టీ బిగించాడు. పట్టీల కొసలు గాలికి కొట్టుకోకుండా ముడేసి లోపలికి దోపాడు. అంతా తడుముకుంటూనే. కళ్లున్నవాళ్లం మేమిద్దరం పక్కన నిలబడి గుడ్లప్పగించి చూశాం.

తోక బరువుకి మందు ముక్కు బరువు. ముందున్న పెట్టెలో మా బంగాళాదుంపల మూట, ఉల్లిపాయలు, ఆపిల్ గుజ్జు సీసాలు, కాఫీపొడి అన్నీ అక్కడే దించాడు. జర్మనీలో బంగాళాదుంపలు దొరకవా అని నన్నడక్కండి. దొరుకుతాయి. కానీ అవి మనవి కావు కదా! ముక్కు కింద స్నానాలగదిలోని బరువు తూచే మిషను పెట్టి నన్ను చదవమన్నాడు. చదివాను. "సరిగ్గా ఉంది," అన్నాడు.

మా ఊళ్లో ఎవరు ప్రయాణం కట్టినా వీధంతా గుమ్మాల్లో నిలబడి చేతులూపాలి. ఊపకపోతే అరిష్టమన్నట్టు చూస్తారు. అందుకే అన్నయ్య తెల్లారకముందే పోదామన్నాడు. పక్క సీట్లో కూచున్న తనని ఎవరూ చూడకూడదని. ఎక్కడ! మేం ఇంజను ఆన్ చేసేసరికి రాత్రి బట్టల మీద కోట్లు తగిలించుకుని అందరూ హాజరు. ఎదురింటి వుబ్బో కిటికీలోకి తల పెట్టి, "ఏం రూలోఫ్, ప్రయాణికుడివయ్యావా? టికెట్టు కొన్నావా?" అన్నాడు. వాడి మనసులో ఏం లేదు, వాడి నోరే అంత. కానీ మా అన్నయ్య మొహం మాడిపోయింది. వాడు తల తీసీ తీయకముందే కిటికీ అద్దం పైకెత్తేశాడు.

వెళ్లడం మాత్రం హాయిగా వెళ్లాం. నది ఒడ్డున రోజూ సైకిళ్లు. వదిన నారింజ రంగు కోటు వేసుకుని ముందు తొక్కేది, అన్నయ్య ఆ కోటుని కంటి కొసన పట్టుకుని వెనక తొక్కేవాడు, నేను వాళ్లిద్దరి వెనక నా పాత సైకిలు మీద గొణుక్కుంటూ. సాయంత్రాలు బంగాళాదుంపలు. ఉడకేసి ఒకనాడు, వేయించి ఒకనాడు, మెదిపి ఒకనాడు. పక్క గుడారం వాళ్లవి అయిపోతే వదిన బకెట్టు నిండా ఎత్తి పోసింది. "ఇవ్వనీవే, తిరిగెళ్లేటప్పుడు బరువు తగ్గుతుంది," అంది నాతో. నేనూ సరేనన్నాను.

తిరుగు దారిలో ఒక కొండ దిగుతున్నాం. పక్కనించి పెద్ద లారీ ఒకటి రయ్యిన దూసుకుపోయింది. ఆ గాలికి మా బండి తోక ఒక్కసారి ఇటు జరిగింది, మళ్లీ అటు. ఆగలేదు. ఊగుడు పెరిగి కారుని కూడా ఈడవడం మొదలెట్టింది. నేను వెనక సీట్లో ఓరి దేవుడో అని కేక పెట్టాను. వదిన కేక పెట్టలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా పైకి తీసింది, బ్రేకు ముట్టలేదు, స్టీరింగుని రెండు చేతులా తిన్నగా పట్టుకుంది. బండి ఇంకోసారి ఊగింది, తగ్గింది, నిలబడింది. మొదట వచ్చిన లారీల విడిదిలోకి తిప్పి ఆపింది. ఆపాక కూడా స్టీరింగు వదల్లేదు.

"అమ్మేద్దాం," అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు, అదే నాకు భయం పుట్టించింది. "నా సరదా కోసం నిన్ను చంపుకోలేను హిల్లీ."

వదిన బయటికి దిగి, మా వైపు వీపు పెట్టి ఏడ్చింది. "నా చేతుల వల్ల కాదయ్యా ఆ పని. నువ్వన్నదే నిజం," అంది.

నాకు ఒళ్లు మండింది. "ఇద్దరూ ఒక్క క్షణం నోరు మూస్తారా? ఆ సైకిళ్లు ఊడాయేమో ముందు చూడు అన్నయ్యా!" అని అరిచాను. నిజానికి నాకేం తెలుసు, ఏదో ఒకటి అరవాలి కాబట్టి అరిచాను.

ఆయన వెళ్లి పట్టీ తర్వాత పట్టీ తడిమాడు. ఒక్కటీ వదులవలేదు. చట్రం తడిమాడు, గట్టిగానే ఉంది. బండి గోడ పట్టుకుని నడుస్తూ ముందుకొచ్చి, పెట్టె మూత తెరిచి చెయ్యి లోపలికి పెట్టాడు. అన్ని మూలలా తడిమాడు.

"దుంపలేవే?"

"తిన్నాం," అన్నాను. "ఏం, ముగ్గురం కూచుని తిన్నాం కదా! ఆఖరివి వదిన పక్కవాళ్లకిచ్చింది."

ఆయన పెట్టె మీద కూచుని నవ్వడం మొదలెట్టాడు. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని. "ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది! గోనె బరువు తూచాను, సీసాల బరువు తూచాను, మనం వాటిని తింటామన్న సంగతి మరిచాను. ముక్కు ఖాళీ, తోక బరువు. ఊగదా మరి?" నవ్వు ఆపి వదిన దగ్గరికెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "హిల్లీ, తప్పు ఈ చేతులది కాదు. నాది. బస్సు తోలినవాణ్ణి చెప్తున్నాను, అక్కడ నేనయితే బ్రేకు తొక్కి బండిని పల్టీ కొట్టించేవాణ్ణి."

మా అన్నయ్య తప్పు ఒప్పుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం. వదినకి కూడా నమ్మకం కుదర్లేదు, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు.

కరెంటు సైకిళ్లు రెండూ విప్పి బండిలోపల సరిగ్గా చక్రాల పైన పడుకోబెట్టాం, మా దుప్పట్లే వాటి కింద పరిచి, బల్ల కాళ్లకి కట్టేశాం. నా సైకిలొక్కటే తోకన మిగిలింది. నీళ్ల డబ్బాలు నింపి ముందు పెట్టెలో పేర్చాం. కారు నుంచి విప్పి ముక్కు చేత్తో ఎత్తి చూశాడు. "ఇప్పుడుంది బరువు," అన్నాడు. కాఫీ తాగాం. వదిన చాలాసేపు స్టీరింగు ముందు ఊరికే కూచుంది. అన్నయ్య తొందరపెట్టలేదు. ఆమె తనంతట తానే తాళం తిప్పింది.

మా ఊరి క్యారవాన్లన్నీ చలికాలం లామ్మెర్ట్ కొట్టంలో ఉంటాయి. అతను రైతు, ఆవులు అమ్మేశాక ఆ కొట్టాన్ని బండ్లకి అద్దెకిస్తున్నాడు. వచ్చే వసంతంలో ముందు కదిలేవి తలుపు దగ్గర పెడతాడు. ఇంక కదలవు, అమ్మకానికే అనుకున్నవి వెనక గోడకి నెడతాడు. మేం వెళ్లేసరికి బయటికొచ్చాడు. అన్నయ్య కళ్ల సంగతి ఊరంతా తెలిసిందేగా, తిన్నగా అన్నయ్య కిటికీ దగ్గరికొచ్చి, జాలిగా గొంతు తగ్గించాడు.

"ఏం రూలోఫ్, ఈసారి వెనక గోడకేనా?"

వదిన అటు తిరగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. వెనక సీట్లోంచి నేను ముందుకి వంగాను.

"నన్నడుగుతావేంటయ్యా," అన్నాడు అన్నయ్య, ఆ పెరట్లో పనిచేస్తున్న వాళ్లందరికీ వినబడేంత గట్టిగా. "బండి తోలేది హిల్లీ. ఆవిణ్ణి అడుగు."

లామ్మెర్ట్ కారు చుట్టూ తిరిగి వదిన వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆమె అద్దం పూర్తిగా కిందికి దించింది. 

"తలుపు దగ్గరే పెట్టు, లామ్మెర్ట్."