అవ్వ చెప్పిన శుక్రవారం

మొన్న ఆదివారం మా జనగామ చర్చిలో ఆరాధన అయిపోవస్తుండగా, కొత్తగా వచ్చిన పాస్టరుగారు పెద్దవాళ్లంతా లేచి తలా రెండు నిమిషాలు సాక్ష్యం చెప్పాలన్నారు. మా రోజుల్లో ఎవరైనా సాక్ష్యానికి లేస్తే పిల్లలు ఒక నిద్ర తీసి లేచేదాకా చెప్పేవాళ్లు. ఇప్పుడు రెండే నిమిషాలు, అదీ మైకు పట్టుకుని, ఫోన్లలో వీడియో తీసేవాళ్ల ఎదుట. నాకంటే ముందు లేచినామెకు కలలో తెల్లని వెలుగు కనిపించిందట, ఆ తరువాతి ఆయనకు ఒక్క పూటలో తాగుడు మానే బలం వచ్చిందట. నా వంతు వచ్చేసరికి కర్ర ఊతంతో లేచి, నోరు తెరిచి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ప్రభువుకు స్తోత్రం అని చెప్పి కూర్చున్నాను. నేను ఆయనను తెలుసుకున్న కథలో కలా లేదు, వెలుగూ లేదు. ఒక ముసలమ్మ మంచం, గంజి గిన్నె, విడవని ముసురు, అంతే. అది రెండు నిమిషాల్లో ఒదిగేది కాదు కనుక, నా ఈడు వాళ్లకైనా వినే ఓపిక ఉంటుందన్న ధైర్యంతో ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. పెళ్లయిన కొన్నాళ్లకే నా భర్త తాటిచెట్టు మీద కల్లు గీస్తూ మోకు జారి కిందపడి పోయాడు. అత్తగారింట్లో ఉండలేక, పుట్టింట్లో ఇమడలేక ఉన్న నన్ను మా అన్న జనగామ తీసుకొచ్చి మిషన్ దవాఖానలో ఆయాగా పెట్టించాడు. మిషన్ దవాఖాన అంటే ఇప్పటి ఆస్పత్రులను ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, అందులో ఒక కాన్పుల గది, ఆడవాళ్లకు ఒక వార్డు, వరంగల్ నుంచి వచ్చిపోయే డాక్టరు, అన్నింటినీ ఒంటిచేత్తో నడిపే నర్సు, మా సిస్టరమ్మ. ఆమె గుంటూరు వైపు మనిషి. వెన్నలాంటి మనసే గానీ నా మాట వింటే చాలు నవ్వేది. ఎవరికైనా దూపయితున్నదని నేను చెబితే, దాహం అనలేవుటే అని ఏడిపించేది. అప్పట్లో సినిమాల్లో కూడా మా మాటను నవ్వులాటకే వాడేవాళ్లు కదా, నేనూ పట్టించుకునేదాన్ని కాదు. పైగా పల్లెల నుంచి వచ్చే రోగులు చెప్పేది ఆమెకు సగమే అర్థమయ్యేది, మిగతా సగానికి నేనే దిక్కు. ఆ దవాఖానలో నాకున్న గొప్ప అదొక్కటే, దాన్ని బాగానే చూపించుకునేదాన్ని.

రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు వరండాలో ప్రార్థన జరిగేది. సిస్టరమ్మ ప్రార్థించి ఆపిన ప్రతిచోటా అందరూ స్తోత్రం అనేవాళ్లు. నేను వెనకాల గోడకు ఆనుకుని పెదవులు మాత్రం కదిపేదాన్ని. చెప్పడానికి సిగ్గేమీ లేదు, దేవుడన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. ఎందుకు చెప్పాలి స్తోత్రం, దేనికి? నా భర్త రోజూ ఎక్కే చెట్టు మీది నుంచే పడిపోయినందుకా? సిస్టరమ్మ నా పెదవుల సంగతి కనిపెట్టిందనే అనుకుంటాను, కానీ ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

అలాంటి రోజుల్లో, ముసురు పట్టిన ఒక పొద్దున, ఒక ముసలమ్మను ఆమె పక్కింటామె రిక్షాలో తీసుకొచ్చింది. ఆ ముసలమ్మ ముస్లిం. ఆమెకు ఒక్కడే కొడుకు, వారపు అంగళ్లు తిరుగుతూ గొడుగులూ టార్చిలైట్లూ బాగుచేసేవాడు. వానాకాలం కనుక పని దొరుకుతుందని కాటారం వైపు వెళ్లాడు. అతను లేనప్పుడు ఆమెకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట పడిపోయింది. డాక్టరు చూసి, మందులు రాసి, నన్ను పక్కకు పిలిచి ఒక్కటే చెప్పాడు. ఆమెకు మింగడం సరిగ్గా రావడం లేదు, గంజి గానీ నీళ్లు గానీ దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు, కనుక తల ఎత్తి పట్టుకుని చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, మింగిందని చూసుకున్నాకే మరో చెంచా. ఆయన చెప్పి వెళ్లిపోయాడు. ఆ చెంచా నా చేతిలో ఉండిపోయింది.

అంతకు ముందు నేను ఊడ్చడం, తుడవడం, గుడ్డలు ఉతకడం తప్ప ఒక మనిషి ప్రాణాన్ని నా చేతి మీద పెట్టుకుని ఎరగను. ఆమె గొంతు కదిలేదాకా నా ఊపిరి నేనే బిగపట్టేదాన్ని. ఒళ్లు పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, తుడవడం, పక్క గుడ్డలు మార్చడం, అన్నీ నేనే. ఆమె నన్నే చూస్తూ ఉండేది. రెండో రోజు కాబోలు, నీళ్లు పట్టి మూతి తుడుస్తుంటే వంకరపోయిన నోటితో ఏదో అంది. నాలుక మడతపడి సరిగ్గా పలకలేదు గానీ, సుక్కుర్ అన్నట్టు వినిపించింది. కాసేపటికి మళ్లీ అదే మాట. ఆమె నోట మిగిలింది ఆ ఒక్కటే.

సిస్టరమ్మ వచ్చి వంగి విని, నా వంక చూసింది. "ఏమంటోందే? మీ భాషేగా, నువ్వే చెప్పు."

నేను ఆలోచించుకోకుండానే చెప్పేశాను. "సుక్కురారం అంటున్నది సిస్టరమ్మా."

పక్కనే ఉన్న పక్కింటామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అత్త గూడ గిట్లనే సచ్చే దినం చెప్పి పోయింది. ముసలోళ్లకు ఎర్కయితది. జర ఆమె కొడుకును పిలిపియ్యుండ్రి."

సిస్టరమ్మ అవన్నీ పిచ్చి నమ్మకాలని కోప్పడింది. ఆ మధ్యాహ్నం మాత్రం నా దగ్గరికి వచ్చి, ఆవిడ కొడుకు ఉన్న ఊరి పేరేమన్నావు అని మెల్లగా అడిగింది. ముసల్మానులకు శుక్రవారం పెద్ద రోజు కదా, ఆమె ఊరికే ఆ రోజు పేరెత్తదు కదా అని మా అందరికీ గట్టిగా పట్టుకుంది. హనుమకొండ బస్సు కండక్టరుకు చెప్పి, అక్కడి నుంచి భూపాలపల్లి బస్సుకూ, అక్కడి నుంచి కాటారం బస్సుకూ కబురు అందించమన్నాం. మీ అమ్మ శుక్రవారం దాటదట, వెంటనే రమ్మని. అప్పట్లో కబుర్లు అలాగే ఒక నోటి నుంచి మరో నోటికి మారుతూ పోయేవి. అందిందో లేదో తెలుసుకునే దారి ఉండేది కాదు.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. వాన తెరిపి ఇవ్వలేదు. గంజి పట్టినా సుక్కుర్, పక్కకు తిప్పినా సుక్కుర్, మురికి గుడ్డ తీసి పొడి గుడ్డ వేసినా సుక్కుర్. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా శుక్రవారానికి ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. ఆమెకు ధైర్యం చెప్పాలని, చెయ్యి పట్టుకుని, "ఇంకా దూరమున్నదవ్వా, అప్పటిదాక నీ కొడుకు వస్తడు" అనేదాన్ని. గురువారం నాడు, భూపాలపల్లి అవతల వాగు పొంగి కాటారం బస్సులు బందయినాయని తెలిసింది. ఆ మాట ఆమె చెవిన పడకుండా వార్డు తలుపు దగ్గరికి వేశాను.

శుక్రవారం పొద్దున ఆమెకు ఒళ్లు కాలిపోతోంది, గొంతులో గురక. డాక్టరు రాలేదు. సిస్టరమ్మ కాన్పుల గదిలో బిడ్డ అడ్డం తిరిగిన ఒకామెతో ఉంది, పిలిచినా రాగలిగే పరిస్థితి కాదు. పక్కింటామె మూలన ముడుచుకుని కూర్చుంది. నేను గంజి రెండు చెంచాలు పట్టాను, మింగింది. మూడోది పట్టాను. గొంతు కదల్లేదు. కళ్లు తేలేసింది, ముఖం నల్లబడింది, గురక కూడా ఆగిపోయింది.

గిన్నె ఎటు విసిరేశానో గుర్తులేదు. సిస్టరమ్మ నేర్పినట్టే ఒక పక్కకు తిప్పి, నోట్లో వేలు పెట్టి దేవి, తల వాల్చి వీపు మీద చరిచాను. ఏమీ లేదు. మళ్లీ చరిచాను. అప్పుడు నా నోటి నుంచి, నేను పిలవననుకున్న పేరు వచ్చింది. "యేసయ్యా, నువ్వున్నవో లేవో నాకెర్కలేదు. నా మొగనప్పుడు నిన్ను అడగలే. ఇప్పుడడుగుతున్న. ఈమె కొడుకు వచ్చేదాక ఆగు." ప్రార్థన అంటే అలా చేస్తారో లేదో నాకు తెలియదు, నేను వరండాలో నేర్చుకున్నదేమీ అందులో లేదు. చరుస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి ఆమె నోటి నుంచి గంజి బయటపడింది, ఒక దగ్గు వచ్చింది, ఆ వెనక పెద్ద ఊపిరి. నేను ఆమె తలను ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాను. ఆమె కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టి, ఆ వంకర నోటితో మళ్లీ సుక్కుర్ అంది. "ఇయ్యాల్నే అవ్వా, ఇయ్యాల్నే సుక్కురారం" అని నేను ఏడ్చేశాను.

అతను పొద్దు నడినెత్తికి వచ్చిన వేళకు వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. వాగు కొంత తగ్గేదాకా ఆగి, తెలిసినవాళ్లు చూపించిన దారిన దాటి, కట్టెల లారీ పట్టుకుని వచ్చాడట. మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి అమ్మ చెయ్యి అందుకున్నాడు. ఆమె అతన్ని చూసి ఆ మాటే అంది. అతను ఏడుస్తూనే తల ఊపి, "హా అమ్మీ, శుకర్, శుకర్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మీ అమ్మ ఇన్ని రోజులుగా సుక్కురారం సుక్కురారం అంటున్నదని అతనితో చెప్పాను. అతను కళ్లు తుడుచుకుని నా వంక వింతగా చూశాడు.

"మేం జుమ్మా అంటం గని సుక్కురారం అంటమా అక్కా? అమ్మీ శుకర్ అంటున్నది. దేవునికి శుకర్, ఆయన జేసిన మేలుకు. నీళ్లు తాగినా అంటది, కరెంటు వచ్చినా అంటది. గది ఆమె అలవాటు."

పక్కింటామె ముందుగా నవ్వింది. అప్పుడే తల్లినీ బిడ్డనూ దక్కించుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చిన సిస్టరమ్మకు సంగతి తెలిసి, మీ భాషేగా అంటే ఎంత గొప్పగా చెప్పావే అంటూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కొడుకూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాసిన గుడ్డలు పట్టుకుని బావి గట్టుకు పోయి వానలోనే కూర్చున్నాను. సగం ఒళ్లు చచ్చిపోయి, కొడుకు దగ్గర లేక, పరాయిదాని చేత మలమూత్రాలు ఎత్తించుకుంటూ, ఆ మనిషి గంజి చుక్కకు ఒకసారి, పొడి గుడ్డకు ఒకసారి కృతజ్ఞత చెప్పుకుంటుంటే, ప్రతిసారీ నేను ఆమెకు చావు ఇంకా దూరముందని బదులు చెబుతూ వచ్చాను.

మర్నాడు వరండాలో సిస్టరమ్మ ప్రార్థన ఆపినచోట నా నోటి నుంచి స్తోత్రం అన్న మాట అందరికీ వినిపించేటట్టు వచ్చింది. నా భర్త ఎందుకు పోయాడో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. కానీ నేను అడిగిన మొదటిసారే ఆయన ఆగాడు, ఆ ఒక్కటీ నేను కాదనలేను. రోగిని కడిగే చేతుల దగ్గరే ఆయన ఉంటాడని సిస్టరమ్మ చెబుతుండేది, ఆ మంచం దగ్గర నాకది నిజమనిపించింది. తరువాత బాప్తిస్మం తీసుకున్నాను. ఆ ముసలమ్మ తన అల్లాకు శుకర్ చెబుతుంటే నువ్వు ప్రభువు దగ్గరికి ఎలా వచ్చావమ్మా అని, మా ఇంటికొచ్చి ఈ కథ సగం విన్న ఇప్పటి పాస్టరుగారు ఒకసారి అడిగారు. నడిచి వచ్చానయ్యగారూ అన్నాను. ఆయనకు ఆ లెక్క ఇంకా తేలినట్టు లేదు.

ఆమె ఆ శుక్రవారం పోలేదు. వానలు వెనకబట్టాక కొడుకు ఆమెను భూపాలపల్లి తీసుకుపోయి అక్కడే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. చాలా ఏళ్లు బతికింది. నేను చూడబోయిన ప్రతిసారీ ఎడమచేత్తో నా గడ్డం పట్టుకునేది.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు, సిస్టరమ్మా లేదు. పోయిన ఏడాది తుంటి ఎముక విరిగి నేను వరంగల్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో పడుకున్నాను. అన్నీ తెల్లగా, చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒళ్లు తుడిచే పిల్లలు పూటపూటకూ మారిపోయేవాళ్లు. నా జీవితమంతా ఇతరులకు చేసిన పనే నాకు చేస్తుంటే, సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. చేయడం వచ్చినంత సులువుగా చేయించుకోవడం నాకు రాలేదు. ఒకరోజు మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, చేతులు మెత్తనివి, నన్ను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పింది. నీ పేరేందమ్మా అని అడిగాను.

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు అమ్మమ్మా? నేనేం జేసిన? మా సారుకు చెప్తవా?"

ప్రార్థనలో చెప్పుకోవడానికి తల్లీ అన్నాను. దుప్పటి సర్దుతూ ఏదో ఒక పేరు చెప్పింది. మర్నాడు వచ్చిన పిల్లను ఆమె సంగతి అడిగితే, ఆ పేరు గలవాళ్లు తమలో ఎవరూ లేరంది. నేను ఇప్పటికీ రోజూ ఆ పేరు మీదే స్తోత్రం చెబుతున్నాను, ఎవరికి చేరాలో ఆయనే చూసుకుంటాడు.