అర సెకను ముందు దించిన నూట అరవై కిలోలు

ఆదివారం, అంతర్జాతీయ జూనియర్ పవర్‌లిఫ్టింగ్ పోటీల చివరి రోజు. మధ్యాహ్నం ఒకటిన్నరకు శిరీష మూడో డెడ్‌లిఫ్ట్‌లో నూట అరవై కిలోలు నేల మీద నుంచి లేపి నిటారుగా నిలబడింది. ముగ్గురు రెఫరీల్లో ఇద్దరు ఎర్ర లైటు వేశారు. లిఫ్టు చెల్లలేదు. కాంస్యం నూట యాభై ఏడున్నర లేపిన మరో దేశం అమ్మాయికి వెళ్లింది. శిరీషా నేనూ సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాం.

ఈ ప్రయాణం నా భార్య సులోచన మొదలుపెట్టింది. ఆమె వ్యాయామ ఉపాధ్యాయురాలు. హనుమకొండ సుబేదారిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏడేళ్లు శిరీషకు శిక్షణ ఇచ్చింది. పోయిన చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. అప్పటినుంచి షెడ్డు తాళం నేనే తీస్తున్నాను. శిరీషది మడికొండ, అక్కడి ఐటీ పార్కులో హౌస్‌కీపింగ్ పని. వయసు ఇరవై మూడు, అంటే జూనియర్ విభాగంలో ఇదే ఆఖరి ఏడాది. అంతర్జాతీయ పతకం ఒక్కటి ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ మూడింటికీ విడివిడిగా పతకాలిస్తారు. ఆమె ఆశంతా డెడ్‌లిఫ్ట్ మీదే.

వరంగల్ నుంచి వెళ్లేవారికి దారి సులువే. తెల్లవారుజామున నాలుగున్నరకు హనుమకొండలో బస్సెక్కితే ఏడుంబావుకు ఉప్పల్‌లో దిగాం. అక్కడినుంచి మెట్రోలో రాయదుర్గం దాదాపు గంట. తరువాత గచ్చిబౌలి స్టేడియానికి ఆటో, నూట ఇరవై అడిగాడు. బరువు చూసేదాకా శిరీష మంచినీళ్లు కూడా ముట్టదు కాబట్టి దారిలో నేనూ ఏమీ తినలేదు.

పోటీకని తెలిసి ఆటో అతను అద్దంలోంచి ఆమెను చూశాడు. "గింత సన్నగున్నది, గీ పిల్ల బరువులు లేపుతదా సార్?"

"నువ్వెన్ని కిలోలుంటవ్ అన్నా?" అంది శిరీష.

"డెబ్బై అయిదు."

"గట్లయితే నీ అసుంటోళ్లను ఇద్దర్ని ఒక్కసారే లేపుత."

"అమ్మో! నీతోని కిరాయి లొల్లి పెట్టుకోను చెల్లే. వంద ఇయ్యి చాలు."

ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

బరువు తూచడం తొమ్మిదికి మొదలైంది. యాభై ఒకటి పాయింట్ ఆరు, యాభై రెండు కిలోల విభాగానికి సరిపోయింది. పోటీ పదకొండుకు. స్క్వాట్‌లో ఆరో స్థానం, బెంచ్‌లో అయిదు. డెడ్‌లిఫ్ట్‌లో మొదటి రెండు ప్రయత్నాలూ మూడేసి తెల్ల లైట్లతో చెల్లాయి. కాంస్యానికి నూట అరవై కావాలని కాగితం మీద నేనే రాసిచ్చాను. బార్ మోకాళ్ల దగ్గర నెమ్మదించింది, అయినా పైకి వచ్చింది. ఎర్ర లైట్లు ఎందుకు పడ్డాయో నాకు అర్థం కాలేదు.

రెఫరీల్లో ఒకావిడ విజయవాడ మనిషి, సులోచనకు పాత స్నేహితురాలు. విరామంలో వచ్చి చెప్పింది. "లేపడంలో ఏ లోపమూ లేదు అన్నయ్యా. ప్రధాన రెఫరీ 'డౌన్' అని చెయ్యి దించకముందే బార్ దించేసింది. అర సెకను ఉంటుందేమో. సులోచన దగ్గర నేర్చుకున్న పిల్ల ఇలా ఎందుకు చేసిందండీ?"

శిరీష గోడకు ఆనుకుని కూర్చుంది. "నేను ఆగిన సార్. షెడ్డుల ఎంతసేపు ఆగుతనో గంతసేపు ఆగిన."

అప్పుడు అర్థమైంది. షెడ్డులో ఇన్ని నెలలుగా 'డౌన్' చెబుతున్నది నేను. సులోచన అయితే భుజాలు, మోకాళ్లు కదలడం పూర్తిగా మానాక, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టుకుని గానీ చెప్పేది కాదు. నేను నడుము నిటారుగా అయిందనిపించగానే చెప్పేసేవాణ్ణి. ఎవరైనా ఊపిరి బిగబట్టి ఉంటే చూడలేను. పోయిన చలికాలం నుంచి అంతే. శిరీష శరీరం నా తొందరనే నేర్చుకుంది. తేలిక బరువులప్పుడు రెఫరీ వెంటనే చెయ్యి దించాడు కాబట్టి బయటపడలేదు.

బస్సులో ఆమె ఒకే మాట అంది. "మేడం ఉంటే గట్టిగ తిట్టేది. నాదే తప్పు సార్." నేను కిటికీ వైపు చూశాను. ఏడు గంటలకు మడికొండలో దిగింది. స్టాపులో వాళ్లమ్మ నిలబడి ఉంది.

"ఏమాయె బిడ్డా?"

"రాలేదమ్మా. నేనే ఆగం చేసుకున్న."

వాళ్లమ్మ నా వైపు చూసింది. నేను బస్సు మెట్టు మీదే ఉన్నాను. "పైలం సార్, పడ్తరు, ఎక్కుండ్రి," అంది. బస్సు కదిలింది.

చెల్లని లిఫ్టు ఏ రికార్డులోకీ ఎక్కదు. ఫలితాల పట్టికలో నూట అరవై మీద ఒక గీత ఉంది, అంతే. ఆ గీత పక్కన ఉన్నది శిరీష పేరు. ఇంత దూరం వెళ్లి నేను తెలుసుకున్నది ఇదే: నేను జాలి అనుకున్నది నా భయం. దానికి మూల్యం ఆమె చెల్లించింది. ఇంటి దగ్గర సాధన చేయించేవారికి ఒక్క సూచన. 'డౌన్' చెప్పే పని లిఫ్టర్ కష్టం చూడలేని ఇంటి మనిషికి అప్పగించకండి; బయటివాళ్లను ఎవరినైనా పిలిచి చెప్పించండి.

శిరీష ఎనిమిదింటికి పనికి వెళ్తుంది. రేపు ఉదయం ఏడుకల్లా మడికొండ వెళ్లి, వాళ్లమ్మ ఎదుటే, తప్పు నాదని శిరీషకు చెబుతాను.