బావి పక్కన గుంత

ఏడో తరగతి రెండుసార్లు తప్పాక నేను నేరుగా యూనివర్సిటీకే వెళ్లాను, హాస్టల్ పిల్లల సైకిళ్లకు పంక్చర్లు వేయడానికి. అరవైల చివర్లో తార్నాకలో మా వాటాలన్నింటికీ ఒకటే బావి. ఒక ఎండాకాలం అది పూర్తిగా ఎండిపోయింది. పూడ్చేసి గది కడతానన్నాడు ఇంటి యజమాని. బావి పోతే క్యాంపస్ నల్లా దాకా బిందెలు మోయడమే మా గతి.

పక్క వాటాలో ఉండే అనంతపురం అక్క ఆయనను బతిమాలి ఒక్క వానాకాలం గడువు తెచ్చుకుంది. బావి పక్కనే గుంత తవ్వించి, రాళ్లూ ఇసుకా నింపి, అందరి పెంకుల మీది వానా అందులో పడేలా రేకు దోనెలు కట్టించింది.

“దూప బావికైతే గుంతకు తాపుతున్నవేంది అక్కా?” అన్నాను.

“కప్పు మీది మురికి బావిలో పోస్తే తాగేది మనమే కదప్పా. మట్టిలో ఇంకి, తేటపడి రానీ.”

మరుసటి ఎండాకాలం చేద వేస్తే బుడుంగుమంది. యజమాని వంగి చూసి, “గది వద్దు తియ్యి, బాయే ఉండనీ” అన్నాడు. అక్కకు దండం పెట్టాలనిపించింది. కానీ నా నోరు ఊరుకుంటుందా?

“నీళ్లొస్తయని నేను ముందుగాల్నే చెప్పిన గదా అక్కా!”

“చెప్పినావులే. గుంతలో ఒండు పేరుకుంది, దిగి ఎత్తిపొయ్యి. నోటితో కాదు, పారతో.”