పింకీకి రిలీవర్

సుందర్ రాజ్ స్టీలు ప్లాంటులో రిటైరై ఎనిమిదేళ్ళయింది కానీ, షిఫ్ట్ మాత్రం ఆయన ఒంట్లోంచి దిగలేదు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసినవాళ్ళకి ఒక నియమం ఉంది. తర్వాతి షిఫ్ట్ మనిషి, అంటే రిలీవర్, వచ్చి ఎదురుగా నిలబడి "ఇంక నువ్వెళ్ళు" అనేదాకా చోటు వదలకూడదు. పొయ్యి ఆరకూడదు మరి. హుద్‌హుద్ తుఫానుకి రోడ్లమీద చెట్లన్నీ అడ్డంపడి రిలీవర్ రాలేకపోతే, ఈ మహానుభావుడు మర్నాడు మధ్యాహ్నందాకా అక్కడే ఉండిపోయాడు. మనిషి ఉన్నాడో లేడో తెలీక భార్య రత్నమణి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి కూర్చుంటే, గుమ్మంలో చెప్పులు విడుస్తూ "అన్నముందా?" అని అడిగాడు.

సరే, ఉద్యోగం కాబట్టి పోనీ అనుకుందాం. కొడుకు జాక్సన్ పెళ్ళిలో బిర్యానీ గరిటె పట్టుకుని, అందుకోవడానికి ఇంకొకడు రాలేదని ఫొటోలకి కూడా వెళ్ళని తండ్రిని ఏమనాలి? ఆల్బమ్‌లో కొడుకు, కోడలి పక్కన రత్నమణి ఒక్కతే నవ్వుతూ ఉంటుంది.

ఇలాంటి మనిషి ముందుకి, అరవై ఎనిమిదో ఏట, ఒక కుక్క వచ్చి పడింది.

కూర్మన్నపాలెంలో వాళ్ళ ఎదురు పోర్షన్‌లో ఉండే అనూరాధకి హైదరాబాద్ ట్రాన్స్‌ఫరయింది. మూడేళ్ళ కిందట ఆటోనగర్‌లో ఒక లారీ కింద వణుకుతున్న కుక్కపిల్లని తెచ్చి పెంచుకుంది. పింకీ అని పేరు పెట్టింది.

"అంకుల్, కొత్త ఫ్లాట్లో కుక్కల్ని రానివ్వరంట. మీరూ ఆంటీ ఉంచుకుంటారా? ఆదివారం పొద్దున్నే సామాను లారీ వచ్చేస్తాది. ఎవరూ దొరక్కపోతే దీన్ని తెచ్చిన చోటే వదిలీయాలి" అంది. ఆ మాట అనేటప్పుడు దాని మొహం చూడలేక తల తిప్పుకుంది.

పింకీ అప్పటికే రత్నమణి కాళ్ళ దగ్గర చేరింది. ఆవిడ దాని తలమీద చెయ్యి వేసింది. "ఉంచుకుందామండీ" అంది.

రత్నమణి నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అరుదు. అయినా సుందర్ రాజ్ అడ్డంగా తల ఊపాడు.

"దీనికి మూడేళ్ళు. ఇంకో పదేళ్ళు బతుకుతాది. మజ్జిలో మనకేటైనా అయితే దీన్నెవులు సూత్తారు? రిలీవర్ నేకండా నాను డ్యూటీ ఎక్కను, మణీ."

అలాగని ఊరుకున్నాడా అంటే, లేదు. కుక్కంటే ఆయనకీ ఇష్టమే. రిలీవర్‌ని వెతకడానికి బయల్దేరాడు. ముందు మద్దిలపాలెంలో ఉంటున్న జాక్సన్‌కి ఫోన్ చేశాడు. "డాడీ, మా ఓనర్ పిల్లిని సూసినా ఇల్లు ఖాళీ సెయ్యమంతాడు" అన్నాడు వాడు. బుధవారం ప్రార్థన కూడికలో ఒక్కొక్కరినీ ఆపి అడిగాడు. పింకీ ఫొటో చూసి అందరూ ముద్దుగా ఉందన్నారు. తర్వాత సంగతి ఎత్తేసరికి, దేవుడే చూసుకుంటాడు బ్రదర్ అన్నారు.

"దేవుడు సూసుకుంతాడు, సరే. అన్నం ఎవులు పెడతారు?" అన్నాడు సుందర్ రాజ్. అలా మొహంమీద అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? పెద్దాయనకి చాదస్తం ముదిరిందని నవ్వుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

శనివారం సాయంత్రానికి మిగిలింది కృష్ణంరాజు ఒక్కడే. ప్లాంటులో చాలా ఏళ్ళు సుందర్ రాజ్‌ని డ్యూటీ దింపిన రిలీవర్ అతనే. జంక్షన్‌లో టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"నాను మాత్రం కుర్రోడినేటి, బావ? మోకాళ్ళు అరిగిపోనాయి" అన్నాడు కృష్ణంరాజు.

"నీకు పెరడుంది. కొడుకూ మనవలూ ఉన్నారు. నువ్వు నేకపోయినా ఇల్లుంతాది."

"ఉన్నదీ నేనిదీ మొత్తం నువ్వే తేల్చీసినావు." కృష్ణంరాజు పగలబడి నవ్వాడు. టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు. "సరే, బావ. ఆ తుపానుకి తప్ప ఎప్పుడైనా నేటుగా వచ్చినానేటి నాను? దీనిక్కూడా వత్తాను, పో."

సుందర్ రాజ్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. చకచకా ఇంటికొచ్చేశాడు. రత్నమణి వంటింట్లో కింద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"దొరికీసినాడు, మణీ. పింకీకి రిలీవర్ దొరికీసినాడు. కృష్ణంరాజు."

"మంచోరే" అంది ఆవిడ, తల ఎత్తకుండా. ఇంకో రొయ్య ఒలిచి గిన్నెలో వేసి, "మరి నాకు?" అంది.

"నీకేటి?"

"మీరు ముందెల్లిపోతే నాకెవులొత్తారు? కుక్క కోసం నాలుగు రోజులై ఊరంతా తిరిగీసినారు. నా కోసం ఒక్కర్నైనా అడిగినారేటి ఎప్పుడైనా?"

గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి సులువుగా ఉండేది.

"నాను మిమ్మల్ని అననేదు. ఎవుల్నీ అడగక్కర్నేకండానే దీన్ని ఉంచుకుంతారనుకున్నాను. తెల్లారి నెగిసేసరికి ఇంట్లో ఇంకో పేణం తిరగాలి గదా" అని, ఒలిచిన రొయ్యలు తీసుకుని పంపు దగ్గరికి లేచింది.

సుందర్ రాజ్‌కి సిగ్గేసింది. తను లేని ఈ గదుల్లో రత్నమణి ఒక్కతే తిరగడం మొదటిసారి కళ్ళకు కట్టింది. అంత వేడి పొయ్యిల ముందు నిలబడ్డ మనిషికి చెమట పట్టేసింది. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి పంపు తిప్పాడు. ఆవిడ రొయ్యలు కడిగినంతసేపూ అక్కడే ఉన్నాడు.

ఆదివారం చర్చి వేళకి ముందే లారీ వచ్చింది. సామానంతా ఎక్కాక అనూరాధ కళ్ళు తుడుచుకుంటూ పింకీ తాడు తెచ్చి ఆయనకి అందించింది. ఆయన అందుకుని, వెంటనే రత్నమణి చేతిలో పెట్టేశాడు.

"భయమా, అంకుల్?" అని ఏడుపులోనే నవ్వింది అనూరాధ.

"భయమే" అన్నాడు సుందర్ రాజ్.

లారీ వీధి మలుపు తిరిగింది. పింకీ అటే చూస్తూ కాసేపు మూలిగి, రత్నమణి వెనకాలే లోపలికొచ్చింది. ఆవిడ గిన్నెలో అన్నం కలిపి, ఇదుగో మీరు పెట్టండి అన్నట్టు ఆయన వైపు జరిపింది. ఆయన గిన్నె ముట్టుకోలేదు.

"నువ్వే పెట్టు. నాను పెడితే నా ఎనకాలే తిరుగుతాది. నీకు అలవాటవ్వాల అది."

రత్నమణి ఆయన్ని ఒక్కసారి చూసి, దానికి ముద్ద పెట్టింది. పింకీ గిన్నె అడుగుదాకా నాకేసి, తోకాడించుకుంటూ వచ్చి కింద కూర్చున్న సుందర్ రాజ్ ఒళ్ళో తల పెట్టింది. ఎత్తుకోవాలని చేతులు లాగేస్తున్నాయి ఆయనకి. రెండు చేతులతో దాని మొహం మెల్లగా పట్టుకుని, అవతలికి తిప్పాడు.

"ఇటు కాదమ్మా, అటెల్లు" అన్నాడు. "అమ్మ దగ్గిరికెల్లు."